మొక్కల గుంపుకి నెల చందా... ఎవరి పర్సులోంచి?

సంక్రాంతి వెళ్ళిన ఆదివారం. 2025 జనవరి 19. పొద్దున తొమ్మిదింటికి గేటు చప్పుడైతే పేపరు బిల్లుకు వచ్చిన అబ్బాయేమో అనుకుని వెళ్ళాను. చూస్తే మైలవరం నుంచి బస్సులో వచ్చిన ఒకావిడ! చేతిలో ప్లాస్టిక్ ట్రే, ట్రే నిండా టమాటా నారు, పైన తడిగుడ్డ కప్పి ఉంది.

"విత్తనాల మార్పిడి ఇవాళే కదండీ? పదింటికన్నారు. బస్సు ముందే వచ్చేసింది" అంది నవ్వుతూ.

నేను తెల్లబోయాను. మార్పిడి ఆ రోజు లేదు. వారం వాయిదా వేశాం. ఆ సంగతి ఆవిడకు చేరనేలేదు! ఆవిడకి కాఫీ కలిపేలోగా గొల్లపూడి నుంచి ఇద్దరు, భవానీపురం నుంచి ఆటోలో నలుగురు... పదకొండు కొట్టేసరికి మా హాల్లో పద్నాలుగు మంది! వంటింట్లో ఉన్నదేమో నలుగురికి సరిపడా ఉప్మా రవ్వ. మావారు తొంగిచూసి "ధర్నా ఏమన్నా ఉందా?" అని మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయారు.

మాది మొక్కలు పెంచుకునేవాళ్ళ గుంపు. పెద్ద పేరేమీ పెట్టుకోలేదు. 2019 శ్రావణమాసంలో కొండపల్లిలో తొమ్మిది మందిమి మొదలెట్టాం. అదీ చిత్రంగానే మొదలైంది లెండి. మా వీధిలో ఒక టీచరుగారున్నారు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆ ఏడాది వాయనంలో శనగలతోపాటు ఒక గోంగూర విత్తనాల పొట్లం కూడా పెట్టి ఇచ్చారు. తీసుకున్నవాళ్ళం ఊరుకోలేక మిద్దెమీద చల్లాం. అంతే! 2020లో లాక్‌డౌన్ వచ్చింది. కూరగాయల కోసం బయటికెళ్ళాలంటే భయం. హైదరాబాద్‌లో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు మిద్దెతోట అంటూ చేసిన ప్రచారం అప్పటికే అందరి నోళ్ళలో నానుతోంది. పాత బకెట్లు, పగిలిన సింటెక్స్ ట్యాంకులు అన్నీ కుండీలైపోయాయి. ఇబ్రహీంపట్నం, గొల్లపూడి, సింగ్‌నగర్, మైలవరం... చూస్తుండగానే నూట ముప్ఫై మందిమయ్యాం.

మంది పెరిగితే మజ్జిగ పలచనంటారు కదా, మాకు కబుర్లు చిక్కనయ్యాయి. వాట్సాప్ గుంపులో శుభోదయాలు, దేవుడి బొమ్మలు, మోకాళ్ళ నొప్పులకు వావిలాకు చిట్కాలు... వాటి మధ్య 'ఈ ఆదివారం ఎవరింట్లో?' అన్న ఒక్క ముక్క వెతుక్కోవాలంటే కళ్ళజోడు తుడుచుకుని కూర్చోవాల్సిందే. తప్పు వాట్సాప్‌ది కాదు, మాది. అందుకని 2022లో టీచరుగారి కోడలు ఒక యాప్ చూపించింది. అందులో మన గుంపుకంటూ ఒక పేజీ ఉంటుంది. ఏ తేదీన, ఎవరింట్లో, ఎవరెవరు వస్తున్నారు, ఎవరేం తెస్తున్నారు... అన్నీ ఒకచోట. అన్నిటికన్నా ముఖ్యం విత్తనాల పద్దు. ఏ చిక్కుడు ఎవరింటిది, ఎప్పుడు నాటితే ఎప్పుడు కాసింది, పురుగు పట్టిందా లేదా అని మూడేళ్ళు రాసుకున్నాం అందులో.

'ఎంత బాగుందో! పైగా ఫ్రీ కూడానూ!' అని కనపడిన వాళ్ళకల్లా చెప్పిందాన్ని నేనే.

ఆ ఫ్రీ ఎవరిది?

పద్నాలుగు మందికీ ఉప్మా బదులు అటుకులు పెట్టి, ఎవరి ట్రే వాళ్ళకిచ్చి పంపేసి, సాయంత్రం టీచరుగారికి ఫోన్ చేశాను. డిసెంబరులో ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. అందుకే మార్పిడి వాయిదా వేశాం. ఆ మాట పేజీలో పెట్టడానికి పోతే పేజీ తెరుచుకోలేదట.

"ఆసుపత్రి గొడవలో డబ్బు కట్టడం మర్చిపోయానమ్మాయ్" అన్నారావిడ.

"డబ్బేంటి టీచరుగారూ? అది ఫ్రీ కదా!"

అవతల కాసేపు మాట లేదు.

"మొదటి ఏడాదే ఫ్రీ. 2023 మే నుంచి నెలకి ఎనిమిది వందలు. పెన్షన్‌లోంచి కట్టేస్తున్నాలే. దానికేముందీ?"

మే నుంచి మొన్న డిసెంబరు దాకా ఇరవై నెలలు. పదహారు వేల రూపాయలు! మేం నూట ముప్ఫై మందిమి, చదువుకున్నవాళ్ళం, ఉద్యోగాలు చేసినవాళ్ళం, కూరలవాడి దగ్గర కొత్తిమీర కట్ట కోసం రెండు రూపాయలు బేరమాడేవాళ్ళం... ఒక్కరం కూడా 'ఇది ఎట్టా నడుస్తోంది?' అని అడగలేదు. చెప్పొద్దూ, ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మర్నాడు సంగతి అందరికీ తెలిసింది. ముందు 'అయ్యో' అన్నారు. సాయంత్రానికి 'చెప్పాల్సింది కదా' అన్నారు. ఆ మర్నాటికి ఎవరో 'మనం అడిగామా కట్టమని?' అని కూడా అనేశారు. ఆ మాట టీచరుగారి చెవిన పడింది.

డాలస్ చెల్లెలి మాట

వాయిదా వేసిన మార్పిడి 26న మా మిద్దెమీదే. ఆ రోజే ఈ విషయం తేల్చాలనుకున్నాం. డాలస్‌లో ఉన్న మా చెల్లెలు అక్కడ కరివేపాకు, గోంగూర పెంచుకునే తెలుగువాళ్ళని పోగేస్తుంటుంది. 'మీరేం చేస్తున్నారే?' అని అడిగాను. అది పెద్ద కథే చెప్పింది.

అక్కడ ఇలాంటి సరదా గుంపులకి మీటప్ అని ఒకటి బాగా వాడుక. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత న్యూయార్క్‌లో అంతకుముందు ముఖముఖాలు ఎరగని ఇరుగుపొరుగువాళ్ళు ఒకరినొకరు పలకరించుకోవడం చూసి స్కాట్ హైఫర్‌మన్ అనే ఆయనకి ఆలోచన వచ్చిందట. 2002లో మొదలైంది. మొదట్లో ఉచితమే. 2005లో గుంపు నడిపేవాళ్ళు నెలనెలా కట్టాలన్నారు. చాలా గుంపులు లేచిపోయాయి. ఉన్నవాళ్ళు కట్టారు. 2017లో వీవర్క్ దాన్ని కొనుక్కుంది. 2019లో మామూలు సభ్యుల దగ్గర కూడా, వస్తామన్నప్పుడల్లా రెండు డాలర్లు తీసుకుంటే ఎలా ఉంటుందా అని కొన్నిచోట్ల పరీక్షించి చూస్తే పెద్ద గోలయింది. 2020లో మళ్ళీ చేతులు మారింది. 2024 జనవరిలో ఇటలీకి చెందిన బెండింగ్ స్పూన్స్ కొనుక్కుంది.

"ఇందులో కిటుకేంటంటే అక్కా, కట్టాల్సింది నడిపే మనిషి. ఆవిడ కట్టడం మానేసి, ఇంకెవరూ ముందుకు రాకపోతే గుంపు మూతపడుతుంది" అంది.

మరి ఫ్రీగా దొరికేవో? వాటి కథా ఏమంత గొప్పగా లేదు. యాహూ గ్రూప్స్ గుర్తుందా? మన తెలుగువాళ్ళు దేశదేశాల నుంచి అందులో సాహిత్యం మాట్లాడుకున్నారు, ఆవకాయ కొలతలు చెప్పుకున్నారు. 2019 అక్టోబరులో పాత సామగ్రంతా తీసేస్తున్నామని చెప్పి, 2020 డిసెంబరు 15న మొత్తానికే మూసేశారు. మా అమ్మాయి కాలేజీ రోజుల్లో రాత్రింబవళ్ళు అతుక్కుపోయిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30తో సరి. వాట్సాప్ కూడా మొదట్లో ఏడాదికి డాలరు లోపు తీసుకునేది. 2014లో ఫేస్‌బుక్ దాన్ని 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2016 జనవరిలో ఆ చందా కూడా ఎత్తేశారు. మన దగ్గర డాలరు కూడా తీసుకోని దానికి అన్ని వేల కోట్లు ఎందుకు పెట్టారో నాలాంటి దానికి అర్థం కావడానికి కొంతకాలం పట్టింది!

"కడితే అద్దెకున్నట్టు. కట్టకపోతే చుట్టరికంగా ఉన్నట్టు. ఎటైనా ఇల్లు మనది కాదు. సామాను మాత్రం మనదయ్యేట్టు చూసుకోండి" అంది చెల్లెలు. చిన్నప్పుడు దానికి జడ వేసిందాన్ని నేను. ఇప్పుడది నాకు బుద్ధులు చెబుతోంది.

సామాను అంటే మాకు విత్తనాల పద్దు, చిరునామాలు. చిరునామాల విలువ మాకు 2024లో తెలిసింది. సెప్టెంబరు ఒకటో తారీకు, అదీ ఆదివారమే. బుడమేరు పొంగింది. మా కొండపల్లి వైపు డైవర్షన్ కాలువకి గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం నీళ్ళలో ఉన్నాయి. అక్కడ మావాళ్ళు ఏడుగురు. కరెంటు లేదు. ఫోన్లు ఒక్కటొక్కటే చచ్చిపోయాయి. అప్పుడు పనికొచ్చింది ఏంటనుకున్నారు? టీచరుగారి లాంగ్ నోటుబుక్కు! యాప్‌లో ఉన్న చిరునామాలన్నీ ఆవిడ పాతకాలపు అలవాటు కొద్దీ నోటుబుక్కులోకి ఎక్కించారు. ఏ వీధి, ఏ అంతస్తు, మిద్దెకి మెట్లు లోపలా బయటా... మొక్కలు చూడ్డానికి వెళ్ళేవాళ్ళ కోసం రాసుకున్న గుర్తులవి. మా పిల్లలు ఆ కాగితాలు ఫొటో తీసుకుని, పడవల మీద పాలు, బ్రెడ్డు తీసుకెళ్ళేవాళ్ళకి ఇచ్చారు. ఒకావిడ మిద్దెమీద వంకాయ కుండీల మధ్య కింది వాటాలవాళ్ళతో కలిపి ఇరవై మంది రెండు రాత్రులు గడిపారు. ఆ వంకాయలే కాల్చుకుని తిన్నారట.

అందుకే, 'సరదా గుంపుకి ఇంత రాద్ధాంతమా?' అని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మిద్దెమీద పంచాయితీ

26న నలభై మంది దాకా వచ్చారు. షేడ్‌నెట్ కింద చాపలు పరిచాం. అటు చూస్తే ఖిల్లా కొండ. మార్పిడి అరగంటలో అయిపోయింది, అసలు సంగతి మొదలైంది. టీచరుగారు కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్నారు. మొహంలో నవ్వు లేదు.

ముందు మా ఎదురింటి పిన్నిగారు అందుకున్నారు. తొలి తొమ్మిది మందిలో ఒకరావిడ.

"సరదాకి చందా ఏంటే అమ్మాయ్? ముగ్గులు నేర్చుకున్నాం, ఒత్తులు చేసుకున్నాం, ధనుర్మాసం నెలంతా పాటలు పాడుకున్నాం. ఎవరికి కట్టాం? మానేద్దాం ఆ యాప్. వాట్సాప్ చాలు."

"పిన్నీ, మీరు పెళ్ళయిన కొత్తలో నవలలు అద్దెకి తెచ్చుకునేవారని చెప్పేవారుగా! పోపుల డబ్బాలో దాచి మరీ పావలా, అర్ధా కట్టేవారుగా!" అన్నాను.

"పుస్తకం చేతిలో ఉండేదే! ఇది కంటికి కనపడని దానికి" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఫోన్‌లో లెక్క తీసింది. "ఎనిమిది వందలని నూట ముప్ఫైతో భాగించండి. మనిషికి నెలకి ఆరు రూపాయల చిల్లర. ఆరు రూపాయలు ఒక లెక్కా అండీ?"

"నూట ముప్ఫై మంది ఎక్కడమ్మా? నెలనెలా వచ్చేది ముప్ఫై అయిదు మంది. అప్పుడు ఇరవై మూడు రూపాయలు" అన్నారు టీచరుగారు అప్రయత్నంగా. లెక్కల మాస్టారమ్మ కదా!

ఇంకొకావిడ సన్నగా "మావారు అడుగుతారండీ, దేనికని" అంది. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. పట్టుచీరకి వాయిదాలు కడతాం, పిల్లల ట్యూషన్‌కి కడతాం, ఆయన టీవీ ప్యాకేజీకి కడతాం. మన మొక్కల కోసం పాతిక రూపాయలంటే సంజాయిషీ చెప్పాలి!

అప్పుడు లేచింది బొమ్మలకు రంగులేసే ఆవిడ. మా ఊళ్ళో తెల్ల పొణికి కర్రతో చేసే బొమ్మలు మీకు తెలిసినవేగా! రంపపు పొట్టులో చింతగింజల పిండి కలిపి, ఆ ముద్దతో అతుకులేసి ఆరబెడతారే, వాటికి ఈవిడ రంగులు వేస్తుంది. అంబారీ ఏనుగు మీద ఆవిడ గీత చూడాలి మీరు! బొమ్మకింతని కూలి. ఆవిడకు మిద్దె లేదు, రేకుల ఇల్లు. వాకిట్లో, మెట్ల మీద పెంచుతుంది.

"అక్కా, ఆరు రూపాయలు లేక కాదు. లేని నెల ఒకటి వస్తది. ఆ నెల అడిగించుకోవడం ఇష్టంలేక రాను. వచ్చే నెల రెండు నెలలవి కట్టాలిగా, అప్పుడూ రాను. ఇంక అట్టాగే మానేస్తా. నేను పోయానని మీకు తెలియను కూడా తెలియదు. పొదుపు సంఘంలో చూశాను ఇట్టాంటివి."

బ్యాంకు అమ్మాయి తల వంచుకుంది.

"ఇంకోటి చెప్తా, టీచరమ్మగారు ఏమీ అనుకోనంటే. ఆవిడ కట్టారు. మంచిదే. పోయినేడు తేదీల దగ్గర నేను ఆవిడతో గొడవపడ్డా గుర్తుందా? ఆవిడే డబ్బు కడుతున్నారని తెలిస్తే పడేదాన్నా? నోరు మూసుకునేదాన్ని. కట్టేది ఒక్కరైతే గుంపు ఒక్కరిదే అవుద్ది. మా సంఘంలో లీడరు సొంత డబ్బు వేస్తానన్నా ఒప్పుకోం."

మన రాష్ట్రంలో 1990ల్లో రోజుకో రూపాయి పొదుపుతో ఊరూరా వేళ్ళూనుకున్నవి డ్వాక్రా సంఘాలు. తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, అందరి సంతకాలు... ఆ పద్ధతులన్నీ ఆవిడకి కొట్టినపిండి. మాకేమో డిగ్రీలున్నాయి.

అందరం టీచరుగారి వైపు చూశాం. పదహారు వేలు పోగుచేసి ఇచ్చేద్దామని ఎవరో అన్నారు. ఆవిడకి చర్రున కోపం వచ్చింది.

"నా డబ్బు నాకు వద్దు. ముప్ఫై నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను. జీతం ఆయన చేతికిచ్చాను, తర్వాత పిల్లల చదువులకిచ్చాను. నాకు నచ్చిందని నేను ఖర్చు పెట్టుకున్న మొదటి డబ్బు ఇదే. దాన్ని కూడా తప్పంటారా?"

ఎవరం మాట్లాడలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత తనే, "కానీ ఆ పిల్ల చెప్పింది నిజమే. చెప్పకుండా కట్టడం తప్పు" అన్నారు మెల్లగా.

నాకేమనిపించిందో కూడా చెప్పేస్తాను. కట్టాల్సిందే. పనికొచ్చేదానికి వెల ఉంటుంది. అది మనం ఇవ్వకపోతే మనలోనే ఎవరో ఒకావిడ ఇస్తోందన్నమాట, డబ్బుగానో, రాత్రి పదకొండింటిదాకా అందరికీ ఫోన్లు చేసే ఓపికగానో. రెండోది ఆడవాళ్ళం అసలు లెక్కలోకే తీసుకోం. అయితే, వాడుకునేదానికే కట్టాలి. రేటు పెంచారంటే ఎప్పుడైనా లేచి రాగలిగేట్టుండాలి.

చివరికి తేలింది ఇది. ఏడాదికి ఒకేసారి కడితే ఆరువేలకే ఇస్తామన్నారు యాప్ వాళ్ళు. నెలనెలా వసూళ్ళు వద్దు, ఉగాదికి ఒక్కసారి మనిషికి వంద రూపాయలు. ఇవ్వలేనివాళ్ళు వంద రూపాయల విత్తనాలో, నారో ఇవ్వొచ్చు. ఎవరు డబ్బిచ్చారు, ఎవరు విత్తనాలిచ్చారు అన్నది పుస్తకంలో ఉంటుందేగానీ గుంపులో చదవరు. డబ్బు బ్యాంకు అమ్మాయి దగ్గర, పుస్తకం బొమ్మలావిడ దగ్గర. అసలు ఇవ్వనివాళ్ళని తీసెయ్యాలా అన్నదాని మీద గంటసేపు వాదులాడుకుని, తీసెయ్యకూడదని అనుకున్నాం. మూడు నెలలకోసారి పద్దు, చిరునామాలు నోటుబుక్కులోకి ఎక్కించాలి. ఆ పని నా మెడకు చుట్టారు.

2025 ఉగాదికి డెబ్బై నలుగురు ముందుకొచ్చారు. అరవై ఎనిమిది మంది డబ్బు, ఆరుగురు విత్తనాలు. ఆ పొట్లాలు అమ్మితే అనుకున్నట్టే ఆరు వందలు వచ్చాయి. మొత్తం ఏడు వేల నాలుగు వందల్లో ఆరువేలు కట్టేశాం. టీచరుగారు వంద రూపాయలిచ్చి రసీదు అడిగి మరీ తీసుకున్నారు. మావారు 'మాకూ ఉందా సభ్యత్వం?' అని అడిగారు. కుండీలకి మట్టి మోస్తే ఇస్తామన్నాను.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. పిన్నిగారు రావడం మానేశారు. వంద రూపాయలు ఆవిడకొక లెక్క కాదు. "ఒకరింటికొకరం వెళ్ళడానికి టిక్కెట్టు పెట్టారు" అన్నారట ఎవరితోనో. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. పూర్తిగా తప్పని కూడా అనలేకపోతున్నాను. పద్దులో మొట్టమొదటి వరుసలో ఉన్నది ఆవిడ చిక్కుడే. 'కణుపు చిక్కుడు, ఎదురింటి పిన్నిగారు, 2019'. నోటుబుక్కులోకి ఎక్కించేటప్పుడు ఆ వరుస నేనే నా చేత్తో రాశాను. ఆ చిక్కుడు ఇప్పుడు మైలవరంలో కాస్తోంది, సింగ్‌నగర్‌లో కాస్తోంది. సాయంత్రాలు ఆవిడ మిద్దెమీద నీళ్ళు పోస్తుంటే చెయ్యి ఊపుతాను. ఆవిడా ఊపుతారు. కిందికి మాత్రం దిగి రారు.

మొన్న మార్పిడికి ముందురోజు మైలవరం ఆవిడకి ఫోన్ చేశాను.

"రేపు పదింటికండీ, ఇబ్రహీంపట్నంలో."

"యాప్‌లో చూశానండీ" అంది.

"తెలుసు. అయినా చేశాను."

నవ్వింది. ఈసారి వంగనారు తెస్తానంది.